చలికాలంలో తీరాన మిత్రుని ఇంట బస: మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నంలలో ఏది ఎవరికి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం పొడవునా స్నేహితులో, స్నేహితుల వంటి బంధువులో ఉన్నవారికి కార్తికం దాటేసరికి ఒక పిలుపు తప్పకుండా వస్తుంది. "ఈసారి పొద్దున వచ్చి సాయంత్రం పోవడం కాదు, నాలుగు రోజులు ఉండేటట్టు రండి" అన్న ఆ పిలుపుకు మనసు వెంటనే సరేనంటుంది గానీ, ఎప్పుడు వెళ్ళాలి, ఏ ఊరికి వెళ్ళాలి, వాళ్ళ ఇంట్లోనే ఉండాలా లేక దగ్గరలో గది తీసుకోవాలా అన్న ప్రశ్నలు ఆ వెనుకే వస్తాయి. నేను చాలా ఏళ్ళుగా హైదరాబాదునుంచి చలికాలంలో ఈ తీరానికి వెళుతున్నాను. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం మూడుచోట్లా మిత్రుల ఇళ్ళలో ఉన్నాను. ఒకటి రెండుసార్లు వారం ఎంచుకోవడంలోనో, బస ఎంచుకోవడంలోనో పొరబడి, విశ్రాంతికని వెళ్ళి అలసటతో తిరిగి వచ్చాను. అటువంటి పొరపాటు మరొకరు చేయకుండా ఉండాలన్నదే ఈ పోలిక ఉద్దేశం.

ముందుగా ఒక కొలత పెట్టుకుందాం. విహారయాత్రలో చూడవలసిన చోట్లు ఎన్ని ఉంటే అంత మేలు. మిత్రుని ఇంట బసలో మాత్రం మన రాకవల్ల ఆ ఇంటి దినచర్య ఎంత తక్కువగా మారితే అంత మేలు. ఇల్లాలు తెల్లవారుజామునే లేచి మూడు రకాల ఫలహారాలు చేస్తూ, మిత్రుడు సెలవు పెట్టి మనల్ని బండిమీద తిప్పుతూ ఉంటే, రెండో రోజు సాయంత్రానికి ఆ ఇంటివాళ్ళకూ మనకూ కూడా ఎప్పుడు ముగుస్తుందా అనిపిస్తుంది. అందుచేత ఊళ్ళను పోల్చేటప్పుడు అలల అందాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఈ తీరమంతటా ఒకటే బంగాళాఖాతం, దాదాపు ఒకటే ఇసుక, ఒకటే సరుగుడు నీడ. ఇంటినుంచి సముద్రానికి ఎవరి తోడూ అడగకుండా నడిచి వెళ్ళగలమా, మిత్రుడు తన పనిలో ఉన్న వేళ మనకు పొద్దుపోతుందా, ఒంట్లో బాగుండకపోతే పట్నం ఎంత దూరం అన్న మూడు విషయాలే చూస్తాను.

ఊరికంటే ముందు నెల

చాలామంది ఊరు ఎంచుకుని తరువాత తేదీలు చూసుకుంటారు. ఈ తీరానికి సంబంధించినంతవరకు ఆ వరుస తిరగబడాలి. రాష్ట్రంలో అధిక భాగానికి ప్రధానమైన వాన నైరుతి రుతుపవనాలది. నెల్లూరుది వేరు లెక్క. అక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. వాయుగుండాలు, తుపానులు కూడా ఎక్కువగా ఆ నెలలలోనే వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. హైదరాబాదులోనో బెంగళూరులోనో చలికాలం అనగానే పొడి గాలి, నీలాకాశం మనసులో మెదులుతాయి గనుక, నవంబరులో సెలవు దొరికిందని బయలుదేరేవారు ఈ సంగతి మరిచిపోతారు. నేనూ ఒకసారి అలాగే కార్తికమాసం చివర అయిదు రోజులకని వెళ్ళి, అందులో నాలుగు రోజులు వాన చూస్తూ వరండాలో కూర్చున్నాను. సముద్రం ఫర్లాంగు దూరంలోనే ఉన్నా, దాని హోరు వినడమే తప్ప చూసింది ఒక్క పూటే.

కార్తికానికి మరొక ఇబ్బంది ఉంది. చాలా ఇళ్ళలో ఆ నెల నీసు వండరు. చేపల పులుసు మీద ఆశతో వెళ్ళినవారు ఆతిథేయులను ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. పైగా కార్తిక పౌర్ణమికి, ఆ నెల సోమవారాలకు సముద్రస్నానానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం ట్రాక్టర్లలో, ఆటోలలో తరలివస్తారు. ఆ సందడి, ఆ దీపాలు చూడడానికే వెళ్ళేవారికి అది మంచి కాలమే, నేను కాదనను. విశ్రాంతి కోరి వెళ్ళేవారికి మాత్రం కాదు.

డిసెంబరు మధ్యలో మొదలై భోగిదాకా సాగే ధనుర్మాసం కొంత నయం. వానలు తగ్గుముఖం పడతాయి, ఉదయాలు చల్లబడతాయి, పల్లెలో తెల్లవారకముందే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. ఆలస్యంగా నిద్రలేచే అలవాటున్నవారు ఈ చివరి విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. సంక్రాంతి మూడు రోజులు మిత్రుని ఇంట ఆడపిల్లలు, అల్లుళ్ళు, మనవలు దిగుతారు గనుక, ఎంత దగ్గర స్నేహమైనా ఆ రోజులు వారికి వదిలివేయడమే మర్యాద. కనుమనాడు తీరం జనంతో నిండిపోతుంది కూడా.

ఇక నేను గట్టిగా సూచించేది సంక్రాంతి తరువాతి వారంనుంచి మాఘ పౌర్ణమి దాకా ఉన్న రోజులు. వాన భయం దాదాపుగా ఉండదు. పగలు ఎండ 30 డిగ్రీలకు అటు ఇటుగా, తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరగా ఉంటుంది గనుక స్వెట్టరు అక్కరలేదు, పలుచటి శాలువా చాలు. పండుగ హడావుడి ముగిసి ఇంటివాళ్ళూ తీరికగా ఉంటారు. తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కాబట్టి ఈ రోజులలో పడవలు నిత్యం సముద్రం మీదికి వెళ్ళి వస్తుంటాయి. వీలైతే పౌర్ణమి మధ్యలో పడేటట్టు తేదీలు చూసుకోండి. మన సముద్రం తూర్పుది. సూర్యుడు అందులో ఉదయిస్తాడు గానీ అస్తమించడు. పడమటి తీరంలో అస్తమయానికి ఉన్న స్థానం మనకు పౌర్ణమి చంద్రోదయానిది. సాయంత్రం ఆరు దాటాక, వెనుక సరుగుడు తోపుల మీద ఎర్రదనం ఇంకా ఆరకముందే, ఎదుట నీటిలోంచి ఎర్రటి చంద్రబింబం పైకి రావడం చూడడానికి ఒక్క సాయంత్రం చాలు, అందుకోసం ప్రయాణం పెట్టుకోవచ్చు.

మైపాడు: నెల్లూరు తోడు ఉన్న తీరం

నెల్లూరునుంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు, ఇందుకూరుపేట మండలంలో ఉంటుంది. బస్సులు, ఆటోలు దొరుకుతాయి; పర్యాటక శాఖ వారి బస ఉంది; తీరం మీద చేపల వేపుడు అంగళ్ళు ఉన్నాయి. మూడింటిలోనూ మొదటిసారి వచ్చేవారికి, చిన్నపిల్లలతో వచ్చేవారికి, వృద్ధులను వెంటబెట్టుకుని వచ్చేవారికి ఇదే సులువైన చోటు. పెద్ద ఆసుపత్రులు గంటలోపు దూరంలో ఉండడం చిన్న విషయం కాదు. మా నాన్నగారిని తీసుకువెళ్ళిన ఏడాది నేను మరో ఊరి గురించి ఆలోచించనే లేదు.

మైపాడుకు ఉన్న రెండో బలం, మిత్రుడు పనిలో ఉన్న రోజు మనకై మనం వెళ్ళిరాగల చోట్లు. అదే మండలంలో పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడిదే. ఇప్పటికీ అక్కడ ఒక గంట నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. నెల్లూరులో పెన్న గట్టున తల్పగిరి రంగనాథస్వామి ఆలయం, ఊరికి కొద్ది దూరంలో జొన్నవాడ కామాక్షమ్మ గుడి ఒకే పూటలో చూడవచ్చు. మధ్యాహ్నం నెల్లూరులోనే భోంచేసి, మలై కాజా కొనుక్కుని చీకటి పడకముందే మైపాడు చేరవచ్చు.

దీని లోపం కూడా ఆ దగ్గరతనంలోనే ఉంది. ఆదివారం వచ్చిందంటే నెల్లూరు సగం మైపాడులోనే ఉన్నట్టుంటుంది. సోమవారం వచ్చి శుక్రవారం వెళ్ళిపోయేవారికి ఆ ఇబ్బంది అంటదు. వారాంతపు సెలవులు మాత్రమే దొరికే ఉద్యోగులకు మైపాడును నేను సూచించను. మరొకటి రొయ్యల గుంటలు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాలలో తీరానికి దగ్గరగా పొలాలు చాలావరకు గుంటలుగా మారాయి. నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రిళ్ళు తిరుగుతుంటాయి. అలవాటైనవారికి ఆ చప్పుడు వినిపించదు, కొత్తవారికి నిద్ర పట్టదు. మిత్రుని ఇల్లు గుంటల పక్కన ఉందా, ఊరి మధ్యన ఉందా అని అడగడంలో తప్పు లేదు. అడగకపోవడంవల్ల నేను మొదటి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

మైపాడుకు దక్షిణంగా ఉన్న కొత్తకోడూరు తీరం ఇంతకంటే నెమ్మది. వేళాంగణి మాత చర్చికి వచ్చే భక్తులే అక్కడ ఎక్కువ. నెల్లూరులోనే మిత్రుడున్నవారు సాయంత్రానికి మైపాడు బదులు కోడూరు వెళితే మేలు. కృష్ణపట్నం ఇప్పుడు పెద్ద ఓడరేవు. బస చేయడానికి తగిన చోటు కాదు.

తుమ్మలపెంట: పుస్తకాలతో వచ్చేవారికి

కావలినుంచి తుమ్మలపెంట పది కిలోమీటర్ల లోపే. ఇక్కడ చూడవలసినదంటూ ఏమీ లేదు, అదే దీని గుణం. తోపు, ఇసుక, పడవలు, పట్టపుపాలెం అనే జాలరిపేట, అంతే. మా మిత్రుడు కావలిలో కళాశాల అధ్యాపకునిగా పనిచేసి విరమించినవాడు; ఉదయం ఒక నడక, మధ్యాహ్నం చదువు, సాయంత్రం మరొక నడక, రాత్రి తొమ్మిదికి నిద్ర. ఆ ఇంట వారం ఉన్నా వారి దినచర్య మారదు, మారనివ్వడు. చదువుకోవడానికో, రాసుకోవడానికో, ఊరికే ఉండడానికో వచ్చేవారికి మూడింటిలో ఇదే సరైనది. పిల్లలతో వస్తే రెండో రోజుకే విసుగు మొదలవుతుంది. తినుబండారాల అంగళ్ళు తక్కువ, చీకటి పడ్డాక ఏ వస్తువు కావలసినా కావలికి పోవలసిందే.

తుమ్మలపెంట విషయంలో ఒక తేడా గమనించాలి. చాలామందికి మిత్రులు కావలి పట్నంలో ఉంటారు గానీ తీరం మీది పల్లెలో ఉండరు. అప్పుడు రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు మనల్ని బండిమీద దింపి, మళ్ళీ తీసుకురావలసి వస్తుంది. అలా అయితే నేను చెప్పిన మొదటి కొలతకు ఈ ఊరు నిలవదు. బాడుగకు ఒక ఆటో మాట్లాడుకుని ఉదయం, సాయంత్రం వేళలు స్థిరపరచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. మిత్రుడు "ఎందుకు, నేనున్నాగా" అని అడ్డు చెప్పినా ఈ ఒక్క విషయంలో మన మాటే నెగ్గించుకోవాలి.

కొత్తపట్నం: నా ఎంపిక

ఒంగోలునుంచి కొత్తపట్నం సుమారు 18 కిలోమీటర్లు. ఇది నిజమైన ఊరు. దీనికి పాఠశాలలు, అంగళ్ళు, గుళ్ళు, పొలాలు, తన చరిత్ర తనకున్నాయి. సముద్రం ఆ ఊరి జీవితంలో ఒక భాగం మాత్రమే. 1937లో ఇక్కడ జరిపిన వేసవి రాజకీయ పాఠశాలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించడంతో ఈ ఊరి పేరు తెలుగునాట నలుమూలలా వినిపించింది. పాతతరం వారిలో ఆ మాట ఎత్తితే చెప్పేవారు ఇంకా ఉన్నారు. తీరం కోసం పుట్టిన విడిది ఊళ్ళలో మనం అతిథులుగానే మిగిలిపోతాం. ఇటువంటి ఊళ్ళో మూడో రోజుకే టీ అంగడి వద్ద "ఫలానా వారింటికి వచ్చినోళ్ళు" అని గుర్తుపడతారు. నాకు విశ్రాంతి అంటే అది.

ఈ ఊరి పొలాలను గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే సముద్రతీరాన ఇటువంటిది చూస్తామని బయటివారు అనుకోరు. తీరానికి దగ్గరి ఇసుక నేలలలో వేరుశనగ, కూరగాయలు, సరుగుడు పండిస్తారు, నారుమళ్ళు పోస్తారు. నీళ్ళు దొరువుల నుంచి వస్తాయి. దొరువు అంటే ఇసుకలో వెడల్పుగా, ఏటవాలుగా, మనిషి దిగి కడవ ముంచుకునేటట్టు తవ్విన గుంట. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలుచటి పొరలా తేలుతూ నిలుస్తుంది. లోతుగా తవ్వి మోటారు పెట్టి తోడితే ఆ పొర చెదిరి అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. మా మిత్రుని పొలంలో నేను ఉత్సాహంగా కడవ ముంచబోతే అక్కడి పెద్దావిడ, "మెల్లగా ముంచు అబ్బయ్యా, అడుగు కదిలితే ఉప్పు పైకొచ్చుద్ది" అంది. భూగర్భజల శాస్త్రంలో ఒక పాఠమంతా ఆ మాటలో ఉంది. తీరం పొడవునా అతిగా తోడే బోర్ల వల్ల, ఉప్పునీటి గుంటల వల్ల ఈ తీపి పొర తరిగిపోతోందన్న బెంగ అక్కడి రైతులందరిలో విన్నాను. దొరువు కింద ఇంకా సేద్యం సాగుతున్న పొలం మీ మిత్రునికి గానీ, ఆయన ఎరిగినవారికి గానీ ఉంటే ఒక ఉదయం దానికి కేటాయించండి. మరో పది తీరాలు తిరిగినా అది దొరకదు.

కొత్తపట్నంలో పల్లెపాలెం దగ్గర ఉదయం పడవలు వచ్చే వేళ మిత్రుని తోడు లేకుండానే పోవచ్చు. జనవరి చివర సూర్యోదయం సుమారు 6 గంటల 40 నిమిషాలకు. ఆ వేళకు ఒడ్డున ఉంటే, తెల్లవారుజామున వెళ్ళిన పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డు పట్టడం, చేపలను కుప్పలుగా పోసి వేలం పాట పెట్టడం చూడవచ్చు. అలివి వల లాగుతున్న రోజైతే రెండు జట్లు రెండు కొసలు పట్టుకుని గంటకు పైగా లాగుతారు. వారు పిలిస్తే తాడు పట్టుకోవచ్చు, పిలవకపోతే అడ్డం రాకుండా నిలబడాలి. వారి పని మనకు వేడుక కాకూడదు. ఫొటో తీసేముందు అడగడం, పాటలో మనం వేలు పెట్టి ధర చెడగొట్టకపోవడం కనీస మర్యాద.

ఒక రోజంతా తీరిక దొరికితే ఒంగోలునుంచి రైల్లో వేటపాలెం వెళ్ళిరావచ్చు. 2022 జిల్లాల పునర్విభజనలో చీరాల, వేటపాలెం బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి గానీ, మా తరానికి అవి ప్రకాశం ఊళ్ళే. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలు చూడాలనుకునేవారికి ఆ ఒక్క రోజు చాలదు. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు, ఒంగోలులో అల్లూరయ్య మైసూరుపాకు తీసుకుంటే ఆతిథ్యం ఇచ్చిన ఇంటికి తీపి వస్తువు కూడా సిద్ధమవుతుంది.

కొత్తపట్నానికి లోపాలు లేవని కాదు. ఆదివారాలు ఒంగోలునుంచి జనం వస్తారు, ఒడ్డున చెత్త మిగిలిపోతుంది, సోమవారం ఉదయం ఆ తీరం చూస్తే బాధ కలుగుతుంది. మంచి గదుల కొరత ఉంది. మిత్రుని ఇంట చోటు లేకపోతే ఒంగోలులో ఉండి రావలసిందే. దోమలు మూడు ఊళ్ళలోనూ ఉన్నాయి గానీ పంట పొలాల మధ్య ఇక్కడ కొంచెం ఎక్కువ. దోమతెర వెంట తీసుకువెళ్ళండి.

ఇదే తీరంలో సింగరాయకొండ దగ్గరి పాకల మరొక నెమ్మదైన చోటు. అక్కడ మిత్రుడుంటే తుమ్మలపెంటకు చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది. రామాయపట్నంలో పందొమ్మిదో శతాబ్దంలోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు క్రైస్తవ వేదాంత పాఠశాల నెలకొల్పారు, ఆ ఆవరణ చూడదగినదే. అయితే 2022లో ఓడరేవు పనులు మొదలైనాక ఆ ప్రాంతం మారిపోతోంది గనుక విశ్రాంతికి నేను సూచించను.

ఇల్లా, గదా?

మిత్రుడు ఉన్న ఊళ్ళోనే గది తీసుకోవడం స్నేహానికి అవమానమని మనలో చాలామంది భావిస్తారు. నేను అలా అనుకోను. రెండు రాత్రుల వరకు ఇంట్లో ఉండడం, అంతకు మించితే, ముఖ్యంగా కుటుంబంతో వెళితే, పడకకు గది తీసుకుని పగలు ఇంట్లో గడపడం రెండు వైపులా హాయిగా ఉంటుంది. ఒంటరిగా వెళ్ళేవారికి ఈ లెక్క వర్తించదు. ఒక్క మనిషికి వరండాలో నవారు మంచం చాలు, ఆ మంచం మీద పడుకుని రాత్రంతా సముద్రపు హోరు వినడమే అసలు బస. ఇంట్లో వృద్ధులు, పరీక్షలకు చదివే పిల్లలు ఉన్నారా అన్నది మరొక గుర్తు. ఫిబ్రవరి అంటే ఇంటర్, పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో పుస్తకాల కాలం. అటువంటి ఇంటికి జనవరిలోనే వెళ్ళిరావాలి.

గది తీసుకునేవారు కరెంటు పోతే జనరేటరు ఉందా, తాగునీరు ఎక్కడిది, తీరంవైపు తలుపుకు గడియ సరిగా పడుతుందా అన్నవి ముందే చూసుకోవాలి. ఒకసారి నేను దిగిన ఒక విడిదిలో రాత్రి పదికి కరెంటు పోయి తెల్లవారేదాకా రాలేదు. అడగడానికి అక్కడ మనిషి కూడా లేడు. మర్నాడు మిత్రుని భార్య, "అన్నయ్యా, ఇంట్లో చోటు లేదని ఎవరు చెప్పారు మీకు?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

తిండి, నీళ్ళు, అలలు

చేపలు కొనే బాధ్యత అతిథి తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. మిత్రునితో కలిసి ఉదయం ఒడ్డుకు వెళ్ళి, ఆయన బేరం చేస్తే డబ్బు మనం ఇవ్వాలి. వంజరం, చందువ అందరూ అడిగేవి, ఖరీదైనవి. ఇంటి వంటకు కానాగంతలు, నెత్తళ్ళు రుచిలో తక్కువవి కావు, ధరలో చాలా తక్కువ. నెల్లూరు వైపు పులుసులో చింతపండుతో పాటు మామిడికాయ వేస్తారు. ఆ పులుసు వండిన రోజు రాత్రికంటే మర్నాటి ఉదయం బాగుంటుందని ఆ వైపువారు చెప్పే మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. అందువల్ల పులుసు వండే రోజును బస మొదట్లో పెట్టించుకోండి, వెళ్ళేనాటికి కాదు. శాకాహారులకు ఈ కాలంలో తాటి తేగలు దొరుకుతాయి. కుంపట్లో కాల్చిన తేగ తింటూ సాయంత్రం గడపడం ఏ ఫలహారానికీ తీసిపోదు.

నీటిలో దిగడం గురించి మాత్రం నేను ఏ సర్దుబాటూ చెప్పను. మూడు తీరాలలోనూ నేల ఒక్కసారిగా లోతవుతుంది, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళకింది ఇసుకను లాక్కుపోతుంది. ఒడ్డున నిలబడి చూస్తే నెమ్మదిగా కనిపించే చోటే నీరు లోపలికి లాగే చోటు కావచ్చు. ఈతగాళ్ళమని నమ్మి దిగిన యువకులు మునిగిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మోకాలి లోతు దాటకూడదు. పల్లెవాళ్ళు "అక్కడ వద్దు" అన్నచోట అదీ కూడదు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రాత్రిపూట తీరం మీద నడిచేవారికి మరొక మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకకే వస్తాయి. టార్చి వెలుగు, ఫోను వెలుగు పడితే బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతాయి. ఇసుకలో ట్రాక్టరు చక్రపు జాడవంటి గీతలు కనిపిస్తే దీపం ఆర్పి, దూరంగా కూర్చోండి.

పక్షులంటే ఇష్టమున్నవారు ఈ మూడు ఊళ్ళలో మైపాడునే ఎంచుకోవాలి, ఎందుకంటే పక్షుల రక్షిత ప్రాంతమైన నేలపట్టు, పులికాట్ సరస్సు నెల్లూరుకు దక్షిణంగా ఉన్నాయి. వాటికి దగ్గరి పట్నమైన సూళ్ళూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, దారి నెల్లూరునుంచే. నేలపట్టు చెరువులోని కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కట్టి పిల్లలను పెంచే కాలం ఇదే. పక్షుల రెట్టతో సారమెక్కిన చెరువు నీరు పొలాలకు మేలు చేస్తుందని అక్కడి రైతులు వాటిని తరతరాలుగా కాపాడుతున్నారు. పులికాట్‌లో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, శీతకాలమంతా ఉంటాయి. పక్షుల పండుగ రోజుల్లో కాక, ఆ ముందో వెనుకో మామూలు రోజున, తెల్లవారేసరికి అక్కడ ఉండేటట్టు వెళ్ళాలి.

రాకపోకలు

మూడు ఊళ్ళకూ దగ్గరి స్టేషన్లు చెన్నై–విజయవాడ మార్గంలోనే ఉన్నాయి. సికింద్రాబాదునుంచి రాత్రి బయలుదేరే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, కావలి, నెల్లూరు మూడింటికీ వెళుతుంది. చెన్నైనుంచి మధ్యాహ్నం బయలుదేరే పినాకిని కూడా అంతే. ఒంగోలుకు తెల్లవారకముందే చేరే బండి ఎక్కితే, మిత్రుణ్ణి ఆ చీకట్లో 18 కిలోమీటర్లు రమ్మనకండి. స్టేషన్ దగ్గర కాఫీ తాగి, తొలి బస్సుకో ఆటోకో వెళ్ళండి. ఇల్లు తలుపు తీసే వేళకు మీరు అక్కడ ఉంటారు.

తిరుగు టికెట్టు ముందే కొని ఆ తేదీ మిత్రునికి వెళ్ళకముందే చెప్పాలి. చెప్పకుండా వెళితే ప్రతి ఉదయం "ఇంకో రోజుండండి" అన్న మాట వస్తుంది, కాదనలేం, ఉండలేం. చెప్పి వెళితే ఆఖరు రోజు పనులు వాళ్ళే ముందుగా సర్దుతారు. పచ్చి చేపలు రైల్లో తీసుకురావద్దు. ఈ నెలల పొడి ఎండకు బాగా ఎండిన నెత్తళ్ళు రెండు రోజుల ముందే చెప్పి తెప్పించుకుని, కాగితంలో చుట్టి, మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెట్టుకోండి. పెట్టెలో మిగిలిన బట్టలకు వాసన అంటదు.